ఒక మందుకు పేరు పెట్టిన కథ

వైద్యులు మందులకు పెట్టే పేర్లు సాధారణంగా నోరు తిరగనివి. వాటి పుట్టుపూర్వోత్తరాలను భాషాభిమానులు పట్టించుకోవలసిన అగత్యమూ ఉండదు. 'సైకెడెలిక్' అనే మాట మాత్రం అటువంటిది కాదు. 1956లో ఒక మానసిక వైద్యునికీ ఒక నవలాకారునికీ మధ్య నడిచిన లేఖలలో, అందునా పద్యరూపంలో, అది పుట్టింది. వైద్యుడు హంఫ్రీ ఆస్మండ్. రచయిత ఆల్డస్ హక్స్లీ. హక్స్లీ తనకు తోచిన గ్రీకు సమాసాన్ని రెండు పాదాలలో ఇమిడ్చి పంపగా, ఆస్మండ్ తానూ రెండు పాదాలతోనే బదులిచ్చి తన మాటను నెగ్గించుకొన్నాడు. గ్రీకులో 'సైకీ' అంటే మనస్సు, ఆత్మ అని. 'డేలోస్' అంటే తేటతెల్లంగా కనబడేది అని. మరుసటి ఏడు న్యూయార్క్ విజ్ఞాన అకాడమీ సభలో ఆస్మండ్ ఈ మాటను వైద్యలోకం ముందు పెట్టాడు.

అంతకుముందు ఆ ద్రవ్యాలకు వైద్యులు వాడుతున్న పేరును తెనిగిస్తే 'ఉన్మాదానుకారులు' అవుతుంది. ఉన్మాదాన్ని అనుకరించేవి అన్నమాట. పేరులోనే తీర్పు ఉన్నది. పిచ్చిని పుట్టించేదానితో పిచ్చిని పరిశీలించవచ్చునేమో గాని, రోగికి మేలు చేయవచ్చునన్న ఊహకు ఆ పేరు చోటివ్వదు. ఆస్మండ్‌కు పేరు మార్చవలసిన అవసరం ఎందుకు కలిగిందో తెలియాలంటే కెనడాలోని ససక్చెవాన్ రాష్ట్రానికి వెళ్ళాలి.

కనుచూపు మేర గోధుమ పొలాలున్న ఆ మైదానంలో వేబర్న్ అనే చిన్న పట్టణం ఉన్నది. 1921లో అక్కడ ఒక పెద్ద మానసిక చికిత్సాలయం కట్టారు. కొన్నేళ్ళకే రెండు వేలకు పైగా రోగులతో అది క్రిక్కిరిసిపోయింది. ఆ ఊరి చర్చిలో మతబోధకుడుగా పనిచేసిన టామీ డగ్లస్ 1944లో రాష్ట్ర ప్రభుత్వాధినేత అయ్యాడు. ప్రజలందరికీ ఉచిత వైద్యం అందించాలన్న ఉద్యమానికి కెనడాలో ఆయనే ఆద్యుడు. కొత్త ప్రయోగాలకు జంకని ప్రభుత్వం గనుక లండన్‌లో తన ఊహలను వినే నాథుడు లేక విసిగిన ఆస్మండ్‌కు 1951లో అక్కడ ఉద్యోగం దొరికింది. మెస్కలిన్ అనే ద్రవ్యం నిర్మాణంలో మన శరీరంలోని ఎడ్రినలిన్‌ను పోలి ఉన్నదనీ, శరీరంలోనే అటువంటి విషం తయారై స్కిజోఫ్రెనియాకు కారణమవుతున్నదేమోననీ ఆయన ఊహ. ఆ ఊహ నిలువలేదు. దానిని వెంబడించి వెళ్ళిన దారి మాత్రం మిగిలింది. అక్కడ ఆయనకు జోడీగా దొరికినవాడు ఏబ్రమ్ హాఫర్. ఆ రాష్ట్రంలోనే ఒక రైతు ఇంట పుట్టి, ముందు రసాయన శాస్త్రంలో డాక్టరేటు పొంది, తరువాత వైద్యం చదివినవాడు.

1953 మే నెలలో ఆస్మండ్ లాస్ ఏంజిలిస్ వెళ్ళి హక్స్లీకి మెస్కలిన్ ఇచ్చాడు. హక్స్లీని పిచ్చివాణ్ణి చేసినవాడుగా సాహిత్య చరిత్రలో తన పేరు నిలిచిపోతుందేమోనని ఆ రోజు భయపడ్డానని తరువాత చెప్పుకొన్నాడు. ఆ అనుభవమే మరుసటి ఏడు 'ది డోర్స్ ఆఫ్ పర్సెప్షన్' అనే పుస్తకమైంది.

వేబర్న్‌లో మెస్కలిన్ కంటె ఎక్కువగా వాడినది ఎల్.ఎస్.డి. స్విట్జర్లాండులోని సాండోజ్ సంస్థలో ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో దానిని తయారుచేశాడు. 1943లో దాని ప్రభావాన్ని కనుగొన్నాడు. 1947 నుండి ఆ సంస్థ దానిని డెలిసిడ్ అనే పేరుతో పరిశోధకులకు సరఫరా చేసింది.

అసలు కథ మద్యపానంతో మొదలవుతుంది. దీర్ఘకాలం తాగినవారు హఠాత్తుగా మానితే ఒణుకు, మతిభ్రమ, భయంకర దృశ్యాలు కలుగుతాయి. ఆ నరకాన్ని అనుభవించి బయటపడినవారిలో కొందరు మళ్ళీ సీసా ముట్టరని అప్పటి వైద్యుల నమ్మిక. కాని ఆ స్థితిలో ప్రాణాలు పోయేవారూ ఉంటారు. ప్రాణాపాయం లేకుండా ఆ భయాన్ని ఎల్.ఎస్.డి. ద్వారా కలిగిస్తే పోలేదా అని ఆస్మండ్, హాఫర్‌లు తలపోశారు. బెదిరించి మాన్పించే ఉపాయమే గాని అందులో వేదాంతమేమీ లేదు. 1953లో మొదటి ఇద్దరు రోగులతో ఆరంభించారు.

జరిగింది వేరు. రోగులు భయపడి మానలేదు. తమ బ్రతుకును తాము బయటినుండి చూచినట్లయినదనీ, భార్యాబిడ్డల కంటితో తమను చూచుకొన్నామనీ, ఏడ్చామనీ, తేలికపడ్డామనీ చెప్పసాగారు. ఇక్కడ ఆ వైద్యుల నిజాయితీని మెచ్చుకోవాలి. తమ సిద్ధాంతం ఒకటి చెబుతుంటే రోగి నోట వేరొకటి వస్తున్నప్పుడు సిద్ధాంతాన్నే వదులుకొన్నారు. 'ఉన్మాదానుకారి' అన్న పేరు ఇక అతకదని తేలింది ఇక్కడే.

చికిత్సా పద్ధతీ దానితోపాటు మారింది. ముందుగా రోగితో కొన్ని వారాల పరిచయం, సంభాషణ. తరువాత ఒకేఒక పెద్ద మోతాదు, సాధారణంగా 200 మైక్రోగ్రాములు లేక అంతకు పైన. ఆ రోజంతా ప్రక్కన ఒక మనిషి కూర్చునేవారు, వైద్యుడో నర్సో. గదిలో సంగీతం, ఒక పువ్వు, అద్దం, కుటుంబ ఛాయాచిత్రాలు ఉంచేవారు. మరునాటినుండి మళ్ళీ మాటలు. డంకన్ బ్లూయెట్, నికొలస్ ఛ్వెలోస్ అనే ఇద్దరు 1959లో దీనికొక కరదీపిక వ్రాశారు. రోగికిచ్చే ముందు వైద్యుడు తాను తీసికొని చూడాలన్నది వారి ఆచారం. ప్రక్కన కూర్చున్నవారికి ఆ దారి తెలియకపోతే రోగిని ఎలా నడిపిస్తారని వారి వాదం. ఈ నియమం ఈనాటి వైద్యులకు నవ్వు తెప్పించవచ్చు గాని నాకు సబబుగానే తోస్తుంది.

తమ రోగులలో సుమారు సగంమంది తాగుడు మానారనో బాగా తగ్గించారనో వారు ప్రకటించారు. 1935లో ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘాన్ని స్థాపించినవారిలో ఒకడైన బిల్ విల్సన్ 1956లో స్వయంగా ఎల్.ఎస్.డి. తీసికొని, దీనిలో మంచి ఉన్నదని నమ్మాడు. 1934లో ఆసుపత్రి మంచం మీద తనకు కనబడిన వెలుగే ఆయనను తాగుడునుండి తప్పించింది గనుక ఆ నమ్మకం వింత కాదు. ఆయన సంఘంవారికి మాత్రం అది రుచించలేదు. ఒక మత్తును మాన్పించడానికి మరొక మత్తా అన్నారు.

1956 అక్టోబరులో నార్త్ బాటిల్‌ఫర్డ్ సమీపాన ఆదివాసులు రాత్రంతా జరుపుకొనే పెయోటీ ఆరాధనకు ఈ వైద్యబృందాన్ని ఆహ్వానించారు. పెయోటీ అనే నాగజెముడు జాతి మొక్కలోనే మెస్కలిన్ ఉంటుంది. ప్రభుత్వం దానిని నిషేధించే యోచనలో ఉన్నందున, తమది తాగుబోతుల కూటమి కాదనీ ప్రార్థన అనీ చదువుకొన్నవారు చూచి చెబితే బాగుండునని వారి ఆశ. ఆస్మండ్ వారితోపాటు కూర్చుని పెయోటీ తిన్నాడు. డప్పు, పాట, నిప్పు, చుట్టూ తనవారు. తాము కరదీపికలో వ్రాయబోయినది వారికి ముందే తెలుసునన్నమాట.

కియోషి ఇజుమి అనే వాస్తుశిల్పి సంగతి నాకు మరీ నచ్చింది. యార్క్‌టన్‌లో కొత్త మానసిక చికిత్సాలయం రూపకల్పన ఆయన పని. ఆస్మండ్ ప్రోత్సాహంతో ఎల్.ఎస్.డి. తీసికొని పాత ఆసుపత్రులలో తిరిగాడు. తలుపులు లేని గోడ అలమరలు చీకటి గుహలై నోరు తెరిచాయి. మెరిసే పలకల గోడలు, అంతులేని నడవాలు హడలెత్తించాయి. ఎత్తయిన మంచం మీద కూర్చుంటే కాళ్ళు నేలకానవు. రోగి ఏళ్ళ తరబడి చెబుతున్నా ఎవరూ వినని ఫిర్యాదులే ఇవి. వాటిని మనసులో పెట్టుకొని ఆయన నడవాలు తగ్గించి, చిన్న చిన్న గృహాల సముదాయంగా గీశాడు.

ఇంత బాగుంటే ఎందుకు ఆగిపోయింది? టొరంటో పరిశోధకులు పోలిక లేని లెక్క లెక్క కాదన్నారు. న్యాయమైన మాటే. 1966లో వారు ప్రచురించిన పరీక్షలో ముప్ఫైమంది రోగులను మూడు భాగాలు చేసి, కొందరికి ఎల్.ఎస్.డి., కొందరికి ఎఫెడ్రిన్ ఇచ్చి, కొందరికి ఏదీ ఇవ్వకుండా చూస్తే తేడా కనబడలేదు. కాని ఆ పరీక్షలో రోగిని మంచానికి పట్టీతో కట్టి ఉంచారు. పువ్వును, పాటను తీసివేసి మందు గుణాన్ని మాత్రమే తూచాలనుకొన్నారు. వేబర్న్ వారి దృష్టిలో అవి తీసివేస్తే చికిత్సే లేదు. వాదం ఇక్కడే చిక్కుపడింది. నా మట్టుకు హాఫర్ లెక్కలను పూర్తిగా నమ్మలేను, పట్టీ కట్టిన పరీక్షను అంతకన్న నమ్మలేను.

అదే దేశంలో, అదే కాలంలో, మాంట్రియల్‌లోని ఎలన్ మెమోరియల్ సంస్థలో యూవెన్ కామరాన్ రోగులకు తెలియజెప్పకుండా ఎల్.ఎస్.డి. ఇచ్చి, విద్యుదాఘాతాలతో, దీర్ఘనిద్రతో వారి జ్ఞాపకాలను చెరిపివేశాడు. అందుకు అమెరికా గూఢచారి సంస్థ ధనం 1957 నుండి అందింది. మందు ఒకటే. ఒకచోట రోగిని అడిగారు, మరొకచోట అడగలేదు.

1962లో కెనడా ప్రభుత్వం థాలిడోమైడ్ ఘోరం తరువాత మందుల చట్టాన్ని సవరిస్తూ దానితోపాటే ఎల్.ఎస్.డి. అమ్మకాన్నీ నిషేధించింది. 1965లో సాండోజ్ సరఫరా మానుకొన్నది. ఈలోగా మందు గదిలోనుండి వీధిలోకి వచ్చింది. 1971లో ఐక్యరాజ్యసమితి ఒడంబడిక తలుపు గడియ పెట్టింది. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద ఎల్.ఎస్.డి., మెస్కలిన్, సైలోసిబిన్ మూడూ నిషిద్ధాలే. ఇది చదివి ఎవరూ ఇంటివైద్యానికి దిగవద్దని మనవి.

ఒక చిన్న పక్కదారి. హాఫర్ ఎల్.ఎస్.డి. ప్రభావాన్ని తగ్గించడానికి నయాసిన్ అనే విటమిన్ వాడేవాడు. స్కిజోఫ్రెనియాకు కూడా దానినే పెద్ద మోతాదులో ఇచ్చాడు. వైద్యలోకం ఒప్పుకోలేదు. ఆ విటమిన్ కొరతతో వచ్చే పెల్లాగ్రా వ్యాధిలో మతి చలించడం ఆయనకు దారి చూపింది. అదే పెల్లాగ్రా జొన్న తినే మన తెలంగాణ పేదలలో ఎందుకు వస్తున్నదో హైదరాబాదులో గోపాలన్, శ్రీకాంతియాలు 1960లో పరిశోధించి ప్రచురించారు. ఒకే విటమిన్ రెండు ఖండాలలో రెండు రకాల ప్రశ్నలడిగించింది.

2012లో ఇద్దరు నార్వే పరిశోధకులు పాత పరీక్షలలో పద్ధతిగా జరిగిన ఆరింటిని, మొత్తం 536 మంది రోగులను, కలిపి లెక్కించారు. ఎల్.ఎస్.డి. పొందినవారిలో 59 శాతం, పొందనివారిలో 38 శాతం మెరుగుపడ్డారు. 2022లో అమెరికాలో మద్యవ్యసనపరులకు పన్నెండు సంభాషణా చికిత్సలతోపాటు రెండుసార్లు సైలోసిబిన్ ఇచ్చి చూచారు. తరువాతి 32 వారాలలో అతిగా తాగిన దినాలు వారికి 9.7 శాతం, ఉత్తుత్తి మందు పొందినవారికి 23.6 శాతం. అయితే తమకేది ఇచ్చారో ఎక్కువమంది ఊహించగలిగారు. టొరంటోవారి చిక్కు ఇంకా తీరలేదు. 2023లో ఆస్ట్రేలియా కొందరు మానసిక వైద్యులకు ఎం.డి.ఎం.ఎ., సైలోసిబిన్ వాడే అనుమతి ఇచ్చింది. 2024లో అమెరికా ఔషధ సంస్థ ఎం.డి.ఎం.ఎ.కు అనుమతి నిరాకరించింది.

వేబర్న్ భవనం ఇప్పుడు లేదు. 2009 నాటికి కూల్చివేశారు. ఆస్మండ్ పెట్టిన పేరు మిగిలింది. మన పత్రికలు దానిని మత్తుమందు అనో భ్రాంతిజనకం అనో అనువదిస్తున్నాయి. మొదటిది తప్పు, రెండవది ఆయన వద్దనుకొన్న అర్థానికే దగ్గర. 'చిత్తవ్యంజకం' అందామా అని ఆలోచించాను. వ్యంజకమంటే లోపల ఉన్నదానిని వెల్లడి చేసేది, అలంకారశాస్త్రం చదివినవారికి కొత్త మాట కాదు. కాస్త బరువుగా ఉన్నదని నాకే తెలుసు. ఇంతకంటె తేలికైన తెలుగు మాట తోచినవారు దయచేసి తెలియజేయగలరు.