బొమ్మ కార్డులు - పరీక్షకుల ముద్ర

బంగారము మేలిమిని తేల్చుటకు ఒరపురాయి కలదు. సిగరెట్టు పెట్టెలో ఉచితముగా వచ్చిన అట్టముక్కకును అట్టి పరీక్ష యొకటి ఏర్పడినదన్నచో వినువారికి వింతగా తోచవచ్చును. ఆ కథ అమెరికా దేశమునకు చెందినది.

1909 మొదలు 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీవారు తమ పెట్టెలలో బేస్‌బాల్ ఆటగాండ్ర బొమ్మలు గల చిన్న కార్డులను ఉంచుచుండిరి. సంగ్రాహకులు ఈ శ్రేణిని టి-206 అందురు. అందు పిట్స్‌బర్గ్ ఆటగాడైన హోనస్ వాగ్నర్ కార్డు మిక్కిలి అరుదు. దాని ముద్రణ త్వరలోనే ఆగిపోయెను. బాలురు పొగాకు కొనుట ఆతనికి ఇష్టము లేకపోయెనని కొందరు, ప్రతిఫలము ముట్టలేదని కొందరు చెప్పుదురు.

ధరలు పెరిగినకొలది వివాదములును పెరిగెను. కార్డు క్రొత్తదివలె నున్నదని అమ్మువాడనును. మూల నలిగినదని కొనువాడనును. మధ్యవర్తి అవసరమయ్యెను. నాణెముల విషయమున ఈ పద్ధతి అంతకుముందే కలదు. 1949లో విలియం షెల్డన్ నాణెములకు 70 అంకెల కొలమానమును ప్రతిపాదించెను. నాణెముల పరీక్షలో అనుభవము గడించిన డేవిడ్ హాల్ 1991లో కార్డులకై పి.ఎస్.ఎ. అను సంస్థను స్థాపించెను. అచటి పరీక్షకులు మూలలను, అంచులను, ఉపరితలమును, బొమ్మ నడుమ కుదిరిన తీరును చూచి, 1 నుండి 10 వరకు ఒక అంకెనిచ్చి, కార్డును పారదర్శకమగు ప్లాస్టిక్ తొడుగులో బిగింతురు.

ఆ సంస్థ మొట్టమొదట పరీక్షించిన కార్డు వాగ్నరుదే. హాకీ ఆటగాడు వేన్ గ్రెట్‌స్కీ భాగస్వామితో కలిసి 1991లో దానిని 4,51,000 డాలర్లకు కొనెను. దానికి 8 లభించెను. 2007లో అది 28 లక్షల డాలర్లకు అమ్ముడయ్యెను. కాని దాని అంచులను కత్తిరించితినని పూర్వము దానిని అమ్మిన వ్యాపారి 2013లో న్యాయస్థానమున అంగీకరించెను. కత్తిరించిన కార్డునకు అంకె నీయరాదనునది నియమము!

అట్లని పరీక్ష వ్యర్థమని మేము చెప్పము. వాగ్నర్ కార్డులలో 2 మాత్రమే పొందిన వేరొకటి 2022లో 72.5 లక్షల డాలర్లకు అమ్ముడయ్యెను. అంత అరుదైన వస్తువునకు స్థితి ఎట్లున్నను, అది అసలుదని తేలుటయే ముఖ్యము. 1980ల చివర లెక్కకు మించి ముద్రించిన కార్డుల సంగతి వేరు. అత్యున్నతమైన అంకె రానిచో పరీక్షరుసుమైనను తిరిగి రాదు. 2021లో కార్డులు వెల్లువవలె వచ్చిపడగా పి.ఎస్.ఎ. చాలవరకు క్రొత్తవానిని తీసుకొనుట కొంతకాలము నిలిపివేసెను. ఆ వెల్లువలో ఎందరు ముందుగా లెక్క చూచుకొనిరో!

లెక్క సులభమే. పరీక్షకు ముందు ధర యెంత, న్యాయముగా ఆశింపదగిన అంకె వచ్చినచో ధర యెంత, రుసుము, తపాలా, భీమా ఖర్చులు ఎంత? ఖర్చులు పోను మిగులున్నచో పంపవచ్చును. అమ్మదలచనివాడు ఆ లెక్కయే వేయనక్కరలేదు. మన యిండ్లలో తపాలా బిళ్లలను, పాత నాణెములను దాచుకొనువారికిని ఈ మాట వర్తించును. పరీక్షకుని అంకె ఒకని అభిప్రాయము. దానిని గౌరవింపవలయును గాని, వస్తువును మన కన్నులతో చూచుట మానరాదు.