ఖనాఅత్: హైదరాబాద్ చరిత్ర నేర్పే పాఠం

మాసబ్ ట్యాంక్ అనగానే నేడు గుర్తుకు వచ్చేవి పైవంతెన, దాని కింద వాహనాల రద్దీ. ఆ పేరుకు మూలం ‘మా సాహెబా’. కుతుబ్‌షాహీ రాజమాతను ప్రజలు గౌరవంతో అలా పిలిచేవారు. ఆమె పేరిట వెలసిన చెరువు ‘మా సాహెబా తలాబ్’ అయి, క్రమంగా వాడుకలో మాసబ్ ట్యాంక్‌గా మారినది. ఆ చెరువు ఉన్న చోట ఇప్పుడు చాచా నెహ్రూ పార్కు ఉన్నది. కుతుబ్‌షాహీల రాజ్యం 1687లో అంతరించింది. గోల్కొండ సంపద చేతులు మారింది. ప్రజలకు నీరిచ్చిన పేరు మాత్రం నిలిచింది.

సంపద నిలకడ లేనిదైనప్పుడు మనిషికి నెమ్మది దేనివల్ల కలుగుతుంది? దీనికి ఇస్లాం ఇచ్చే సమాధానం ఖనాఅత్, అంటే తన వంతుకు వచ్చినదానితో మనసు కుదుటపడటం. అసలైన కలిమి సామగ్రి సమృద్ధిలో లేదు, మనసులో ఉన్నదని దైవప్రవక్త (స) బోధించారు. అయితే ఖనాఅత్ అంటే చేతులు ముడుచుకొని కూర్చోవడం అనుకొనేవారు కొందరున్నారు. కలవారు లేనివారికి చెప్పే ఓదార్పు అని ఎద్దేవా చేసేవారు మరికొందరు. ఈ రెండు అభిప్రాయాలూ సరికావు. పేదరికం నుండి, అప్పుల భారం నుండి తనను కాపాడమని దైవాన్ని వేడుకొన్నది కూడా ఆ ప్రవక్తే. యాచించవచ్చిన ఒక అన్సారీ ఇంట ఉన్న వస్త్రాన్ని, నీళ్లు తాగే పాత్రను ఆయన స్వయంగా వేలం వేసి రెండు దిర్హములు తెచ్చారు. ఒకటి ఇంటివారి తిండికి, రెండవది గొడ్డలికి. ఆ వ్యక్తి కట్టెలు కొట్టి అమ్మి, పదిహేను రోజులకు పది దిర్హములతో తిరిగి వచ్చాడు. ఉన్న కొద్దిపాటిని తక్కువగా చూడక, దాని నుండే పని మొదలుపెట్టడం ఖనాఅత్‌కు విరుద్ధం కాదు, అందులో భాగమే.

ఆసఫ్‌జాహీల కాలంలో హైదరాబాద్‌లో అప్పు పెద్ద బెడదగా ఉండేది. పెళ్లిళ్లకు, పండుగలకు, హోదా నిలుపుకోవడానికి చిన్న ఉద్యోగులు మొదలు జాగీర్దార్ల వరకు రుణాలు చేసేవారు. సాహుకార్లతో పాటు అరబ్బులు, రోహిలాలు కూడా వడ్డీకి అప్పులిచ్చేవారు. వడ్డీ నిషిద్ధమని నమ్మినవారే వడ్డీ పుచ్చుకోవడం ఆనాటి విషాదం. అప్పుపడ్డవానికి ‘తృప్తిగా ఉండు నాయనా’ అని చెప్పి ఊరుకుంటే అది బోధ కాదు, క్రూరత్వం.

ఈ విషయాన్ని గ్రహించిన కొందరు ధార్మికులు 19వ శతాబ్దపు చివరి సంవత్సరాలలో వడ్డీ లేని రుణసంఘానికి పూనుకున్నారు. బక్రీద్ ఖుర్బానీ పశువుల చర్మాలు అమ్మగా వచ్చిన సొమ్ము, విరాళాలు మూలధనం. తాకట్టు ఉంచుకొని అప్పు ఇచ్చేవారు. తీర్చేటప్పుడు అసలు మాత్రమే పుచ్చుకొనేవారు. తరువాత ప్రభుత్వ శాఖల ఉద్యోగులు నెలనెలా కొద్దికొద్దిగా కూడబెట్టి, తమలో తాము వడ్డీ లేకుండా ఇచ్చిపుచ్చుకొనే సంఘాలు ఏర్పరచుకున్నారు. తన ఖర్చుకు హద్దు గీసుకున్నవాడే ఇంకొకరి అవసరానికి మిగల్చగలడు. ఆ సంఘాలు నడిచినది ఈ సూత్రం మీదనే.

ఈ కృషిని ప్రపంచ విద్వాంసుల దృష్టికి తెచ్చినవారిలో డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా ముఖ్యులు. ఇస్లామీ ఆర్థిక చింతనకు, ఆచరణకు హైదరాబాద్ చేసిన సేవపై 1955లో ఒక జర్మన్ పరిశోధనా పత్రికలో వారు వ్యాసం ప్రచురించారు. 1908లో హైదరాబాద్‌లో జన్మించిన హమీదుల్లా జామియా నిజామియాలో, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, జర్మనీ, ఫ్రాన్సులలో డాక్టరేట్లు పొంది, ఉస్మానియాలో అంతర్జాతీయ న్యాయశాస్త్రం బోధించారు. 1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం భారతదేశంలో కలిసినప్పుడు వారు విదేశంలో ఉన్నారు. ఉద్యోగం, ఇల్లు, ఊరు ఒక్కసారిగా దూరమయ్యాయి. పారిస్‌లో స్థిరపడి, పుస్తకాలతో నిండిన చిన్న నివాసంలో అవివాహితులుగా దశాబ్దాలు గడిపారు. వారి ఫ్రెంచి ఖుర్ఆన్ అనువాదం 1959లో వెలువడింది. 1985లో పాకిస్తాన్ ప్రభుత్వం వారికి పురస్కారం ఇచ్చింది. దానితో లభించిన ధనాన్ని ఇస్లామాబాద్‌లోని ఇస్లామీ పరిశోధనా సంస్థకు వారు విరాళంగా ఇచ్చివేశారు. 2002 డిసెంబరు 17న అమెరికాలో మరణించారు.

1949లో జాగీర్ల రద్దుతో హైదరాబాద్‌లో అనేక కుటుంబాల రాబడి కుంగిపోయింది. పోయిన వైభవాన్ని తలచుకొని కృశించినవారున్నారు. ఉన్న చదువుతో, చేతిపనితో బ్రతుకు నిలబెట్టుకున్నవారూ ఉన్నారు. హమీదుల్లా కూడా సర్వం పోగొట్టుకున్నవారే. అయినా వారు పోయినదాని లెక్క వ్రాసుకోలేదు, మిగిలిన విద్యను పంచారు.

కనుక ఖనాఅత్‌కు రెండు ముఖాలున్నవని ఈ చరిత్ర తెలుపుతున్నది. తన అవసరం విషయంలో మనిషి కొంచెముతో తృప్తి పడాలి. పొరుగువాని అవసరం విషయంలో తృప్తి పడరాదు. మొదటిది లేనివానికి కోటి ఉన్నా నెమ్మది లేదు. రెండవది మరచినవాని నెమ్మదిని ఖనాఅత్ అనలేము. అది కేవలం ఉపేక్ష.