క్షణికోద్రేకంలో హత్య: చట్టం ఎంతవరకు మన్నిస్తుంది?

భిలాయ్ ఉక్కు నగరంలో జరిగే హత్యలపై విచారణ దుర్గ్ సెషన్స్ న్యాయస్థానంలో సాగుతుంది. చంపినది తానేనని అంగీకరిస్తూనే, అది హత్య కాదని వాదించే అవకాశం నిందితునికి చట్టంలో ఉంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 101వ సెక్షన్‌లోని మొదటి మినహాయింపు దీనికి ఆధారం. పాత శిక్షాస్మృతిలో ఇదే 300వ సెక్షన్. తీవ్రమైన, ఆకస్మికమైన కవ్వింపు వల్ల మనోనిగ్రహం కోల్పోయి, కవ్వించిన వ్యక్తిని చంపితే అది హత్య కిందికి రాని నరహత్య అవుతుంది. ఉరిశిక్ష తప్పుతుందే గాని నేరం పోదు. చంపాలన్న ఉద్దేశం ఉన్నట్లు తేలితే యావజ్జీవం గాని, ఐదు నుంచి పదేళ్ల జైలు గాని పడుతుంది. కవ్వింపును నిందితుడే కోరి తెచ్చుకుంటే ఈ మినహాయింపు వర్తించదు. రుజువు చేసుకోవలసిన భారమూ అతనిదే.

ఈ విషయంలో నేటికీ ప్రమాణం 1961 నవంబరు 24న సుప్రీంకోర్టు ఇచ్చిన నానావతి తీర్పు. దానిని రాసినది రాజమహేంద్రవరానికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు. భార్య వివాహేతర సంబంధాన్ని ఆమె నోటనే విన్న ఆ నౌకాదళ అధికారి, ఆమెను, పిల్లలను సినిమా హాలు వద్ద దించి, ఓడ నుంచి రివాల్వరు తెచ్చుకుని ఆమె ప్రియుణ్ణి కాల్చి చంపాడు. మధ్యలో సుమారు మూడు గంటలు గడిచాయి. ఆవేశం చల్లారడానికి ఆ వ్యవధి చాలునని న్యాయస్థానం తేల్చింది.

అయితే గడియారమే అన్నిటినీ నిర్ణయించదు. అదే తీర్పులో ప్రస్తావించిన బోయ మునిగాడి కేసు ఇందుకు నిదర్శనం. భార్య తన బద్ధశత్రువుతో ఉండగా చూసిన అతను ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడు కూలి డబ్బులకు వెళ్లినచోట వారిద్దరూ కలిసి భోజనం చేస్తూ కనిపించారు. అక్కడే ఆ శత్రువును చంపాడు. రాత్రి గడిచినా, రెండో దృశ్యం కొత్త కవ్వింపేనని 1881లో మద్రాసు హైకోర్టు అంగీకరించింది.

ఇంగ్లండు మాత్రం 2010 అక్టోబరు 4 నుంచి వేరే దారి పట్టింది. అక్కడ నిగ్రహం ఆకస్మికంగానే తప్పాలన్న నియమం లేదు. తీవ్ర హింస జరుగుతుందన్న భయాన్నీ పరిగణిస్తారు. దాంపత్య ద్రోహం ఒక్కటే కారణమైతే వాదన నిలవదు. మన చట్టంలో అటువంటి నిషేధం లేదు.

నెమ్మదిగా రగిలిన ఆగ్రహాన్ని మన న్యాయస్థానాలూ గుర్తిస్తున్నాయి. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు పరిశీలించినది ఛత్తీస్‌గఢ్ కేసే. మద్యానికి బానిసైన సోదరుడు నిత్యం వేధించి, ఆ రాత్రి ఇల్లు విడిచిపొమ్మని, లేకుంటే చంపుతానని బెదిరించాడు. పాత వేధింపులను లెక్కలోకి తీసుకున్నా, చివరి తక్షణ కవ్వింపు ఉండి తీరాలన్న షరతును న్యాయస్థానం సడలించలేదు. ఆ రాత్రి బెదిరింపులో అది కనిపించింది గనుక హత్యానేరాన్ని నరహత్యగా మార్చింది.