ఇష్టమేనా అని అడిగే ప్రేమ



పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ఊరూరా పందిళ్లే. గుడిలో ఆదివారం పూజ చివర వరుసగా వివాహ ప్రకటనలు వినిపిస్తాయి. పెళ్లినాటి పట్టుచీరలు, పూలదండలు, మేళం, భోజనాలు మనకు చాలాకాలం గుర్తుంటాయి. కాని తాళి కట్టకముందు గురువుగారు అడిగే ఒక ప్రశ్నను చాలామంది సరిగా వినరు. ఎవరి బలవంతమూ లేకుండా, మీ సొంత ఇష్టంతోనే ఇక్కడికి వచ్చారా అని ఆయన వధూవరులిద్దరినీ అడుగుతారు. ఆ సమయానికి ఫొటోలు తీసేవారు దీపాలు సరిచేసుకుంటూ ఉంటారు. చుట్టాలు ఒకరినొకరు పలకరించుకుంటూ ఉంటారు. వధువు తలవంచుకుని మెల్లగా అవునంటుంది.

శ్రీసభ వివాహాన్నంతటినీ ఆ ఒక్క జవాబు మీద నిలబెట్టింది. ఎందుకు నిలబెట్టిందో, మన నేలమీద ఆ ప్రశ్నకు ఉన్న విలువ ఏమిటో ఈ రోజు చరిత్రలోకి వెళ్లి చూద్దాం.

ముందుగా విజయనగరం వెళదాం. 1892లో ఆ పట్టణంలో గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం నాటకం మొదటిసారి ప్రదర్శించారు. 1897లో అది పుస్తకంగా వచ్చింది. డబ్బు తీసుకుని పసిపిల్లలను ముసలివారికి కట్టబెట్టే దురాచారం మీద వ్రాసిన నాటకమది. పుస్తకం ముందుమాటలో గురజాడవారు ఒక లెక్క చెప్పారు. ఆనందగజపతి మహారాజు ఆనాటి విశాఖపట్నం జిల్లాలో, బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్ల కాలంలో శుల్కం తీసుకుని జరిగిన పెళ్లిళ్ల జాబితా తయారు చేయించారు. అవి 1,034 అని తేలింది. ఆ పెళ్లికూతుళ్లలో 99 మంది ఐదేళ్ల పిల్లలు. ముగ్గురికి ఒక్క ఏడాదే. ఏడాది పిల్లను ఇష్టమేనా అని ఎవరు అడుగుతారు? అడిగినా ఆ పిల్ల ఏమి చెబుతుంది? ఇతర కులాలలోనూ ఓలి అనే పేరుతో ఆడపిల్ల తరఫువారికి సొమ్ము ముట్టజెప్పే ఆచారం ఉండేది. ఇది ఎవరినో తక్కువ చేయడానికి చెప్పడం లేదు. ఆ తప్పును ఎత్తి చూపింది ఆ సమాజంలోని పెద్దలే. మనం వారికి చేతులెత్తి నమస్కరించాలి.

ఆ నాటకం ఆడేనాటికి ఇదే ప్రాంతంలో మరొక బోధ దాదాపు యాభై ఏళ్లుగా వినిపిస్తూ ఉంది. 1838లో పీటర్ మెర్మియేగారు అన్నెసీ పట్టణంలో పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ గారి పేరుమీద ఒక గురువుల సభను స్థాపించారు. అన్నెసీ ఇప్పుడు ఫ్రాన్సు దేశంలో ఉన్న కొండప్రాంతపు పట్టణం. ఆ సభ గురువులు 1846లో విశాఖపట్నం చేరుకున్నారు. 1849లో పునీత జోజప్పగారి సభకు చెందిన మఠకన్యలు అదే అన్నెసీ నుండి బయలుదేరి యానాంలో దిగారు. తరువాత విశాఖపట్నం వచ్చారు. మన శ్రీకాకుళం మేత్రాసనం 1993లో విశాఖ నుండి విడివడి ఏర్పడింది. కాబట్టి మన విశ్వాస చరిత్రలో అన్నెసీ కొండల గాలి కొంత ఉంది.

ఆ ఫ్రాన్సిస్ డి సేల్స్ గారు ఎవరు? జెనీవా పీఠాధిపతి. 1609లో ఆయన భక్తి జీవితం గురించి ఒక పుస్తకం ప్రచురించారు. అందులో ఎక్కువ భాగం ఒక వివాహిత స్త్రీకి ఆయన వ్రాసిచ్చిన సలహాల నుండి పుట్టింది. భక్తి అంటే మఠాల్లో ఉండేవారికే అని జనం అనుకునే రోజులవి. కాదు, పెళ్లి చేసుకుని, పిల్లలను పెంచుకుంటూ, వ్యాపారం చేసుకుంటూ కూడా పునీతులు కావచ్చని ఆయన బోధించారు. దంపతుల కోసం అందులో ఒక అధ్యాయమే వ్రాశారు. దాంపత్య ప్రేమకు మూడు ఫలాలు చెప్పారు: విడదీయరాని హృదయాల ఐక్యత, చెక్కుచెదరని నమ్మకం, బిడ్డలను కని శ్రద్ధగా పెంచడం. తరువాత 1616లో దైవప్రేమ గురించి మరొక పెద్ద గ్రంథం వ్రాశారు. దేవుని ప్రేమ మనసును ఆకర్షిస్తుందేగాని మెడపట్టి లాగదు అనేది అందులోని ముఖ్యమైన బోధ.

సహోదరులారా, ఈ రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చూడండి. దేవుడే మనలను బలవంతం చేయనప్పుడు, ఆయన ప్రేమకు గుర్తుగా ఉండవలసిన వివాహంలో బలవంతం ఎలా ఉంటుంది?

బైబులు కూడా మనకు ఇదే చూపిస్తుంది. ఆదికాండము 24వ అధ్యాయంలో అబ్రహాము సేవకుడు ఈసాకు కోసం పిల్లను వెదుకుతూ వెళతాడు. కానుకలు ఇచ్చాడు, పెద్దలు ఒప్పుకున్నారు. అయినా చివరకు వారు రిబ్కాను పిలిచి, ఈ మనిషితో వెళతావా అని ఆమెనే అడిగారు. ఆమె వెళతానని చెప్పిన తరువాతనే సాగనంపారు. మంగళవార్త దినాన ఏమి జరిగింది? లోకాన్ని సృష్టించిన సర్వేశ్వరుడు నజరేతులో ఒక పేద పిల్ల దగ్గరకు దూతను పంపాడు. ఆమె సందేహాన్ని విన్నాడు, జవాబు చెప్పించాడు, ఆమె సరేననేవరకు ఆగాడు. మరియతల్లి సమ్మతి కోసం దేవుడే ఆగాడంటే, మన ఇంటి ఆడపిల్ల సమ్మతి కోసం మనం ఒక్కరోజు ఆగలేమా?

శ్రీసభ చట్టాలు కూడా ఈ నమ్మకం నుండే వచ్చాయి. ఐరోపాలో ఒకప్పుడు రహస్య వివాహాలు పెద్ద సమస్యగా ఉండేవి. ఎవరూ లేనప్పుడు మాట ఇచ్చి, తరువాత నేను ఇవ్వలేదని తప్పించుకునేవారు ఉండేవారు. అందుకని త్రెంతు మహాసభ 1563లో ఒక కట్టడ చేసింది. విచారణ గురువు, కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. ముందుగా గుడిలో మూడుసార్లు ప్రకటించాలి. పుస్తకంలో వ్రాయాలి. మన విచారణలలోని వివాహ రిజిస్టర్లకు మూలం ఇదే. ఆ సభలోనే, తల్లిదండ్రుల అనుమతి లేని పెళ్లి చెల్లదని ప్రకటించాలని ఫ్రెంచివారు పట్టుబట్టారు. మహాసభ ఒప్పుకోలేదు. తల్లిదండ్రులను కాదని చేసుకునే పెళ్లిళ్లు మంచివి కావని చెబుతూనే, వివాహాన్ని కట్టేది వధూవరుల సమ్మతేనని నిలబడింది.

1963లో రెండవ వాటికన్ మహాసభ మరొక ద్వారం తెరిచింది. ఆయా ప్రాంతాల ఆచారాలకు తగినట్టు వివాహ క్రమం తయారు చేసుకోవచ్చని చెప్పింది. మన పెళ్లిలో ఉంగరంతో పాటు మంగళసూత్రం ఉండవచ్చు. కాని ఒక్క నియమం మార్చకూడదని అదే సభ చెప్పింది. గురువు వధూవరుల సమ్మతిని అడగాలి, దానిని స్వీకరించాలి. 1983నాటి శ్రీసభ చట్టం ప్రకారం బలవంతంతో గాని, తీవ్రమైన భయంతో గాని జరిగిన పెళ్లి అసలు పెళ్లే కాదు.

ఇప్పుడు మన ఇళ్లలోకి వద్దాం. శుల్కం ఇచ్చి పిల్లను తెచ్చుకునే రోజులు పోయాయని మనం సంతోషిస్తాం. దాని స్థానంలో ఏమి వచ్చింది? కట్నం వచ్చింది. అప్పుడు పెళ్లికూతురికి వెల కట్టారు, ఇప్పుడు పెళ్లికొడుకుకు కడుతున్నారు. దేశంలో 1961లోనే వరకట్న నిషేధ చట్టం వచ్చింది. ఇవ్వడమూ నేరమే, తీసుకోవడమూ నేరమే. అయినా జ్ఞానస్నానం పొందిన మన కుటుంబాల్లోనూ ప్రధానంనాడు పెద్దలు కూర్చుని డబ్బు, బంగారం, బండి మాట్లాడుకుంటున్నారు. ఆ అప్పు తీర్చడానికి తల్లిదండ్రులు ఊరు వదిలి హైదరాబాదుకో, చెన్నైకో కూలికి పోవలసి వస్తే, ఆ పెళ్లి ఎవరి ప్రేమకు గుర్తు?

మేనరికాల సంగతి కూడా ఆలోచించండి. ఆడపిల్ల పుట్టగానే, ఇది మా వాడి పెళ్లాం అని ముద్ర వేస్తాం. శ్రీసభ లెక్కలో మేనబావ నాలుగవ అంతరువులోని దగ్గర బంధువు, మేనమామ మూడవ అంతరువు. పీఠాధిపతుల ప్రత్యేక అనుమతి లేకుండా అలాంటి పెళ్లి చెల్లదు. అనుమతి పత్రం వచ్చినా, పెద్దల మాట కోసం నోరు మూసుకున్న పిల్ల మౌనాన్ని మనం ఇష్టంగా లెక్కవేయకూడదు.

ఇష్టంతో ఇచ్చుకున్న మనసు ఎంత దూరమైనా నిలబడుతుంది. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుండి వేటకు వెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు పాకిస్తాన్‌కు చిక్కారు. వారిలో 20 మంది 2020 జనవరిలో విడుదలై తిరిగి వచ్చారు. పదమూడు నెలలకు పైగా ఇక్కడ ఇళ్లలో వారి కోసం ఎదురుచూపులే. అలాంటి రోజుల్లో మనిషిని నిలబెట్టేది పెళ్లిలో చేతులు మారిన సొమ్ము కాదు. క్రీస్తు ప్రభువు కూడా శ్రీసభను వెల చూసి ప్రేమించలేదు, తన ప్రాణాన్నే ఇచ్చాడు. భర్తలు భార్యలను అలా ప్రేమించాలని పౌలుగారు ఎఫెసీయులకు వ్రాశారు.

కాబట్టి ప్రియులారా, మూడు పనులు చేద్దాం. ప్రధానానికి ముందు మీ అమ్మాయిని ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి. ఆమె వద్దంటే కోపపడకుండా వినండి. కొడుకులున్న తల్లిదండ్రులారా, మాకు కట్నం వద్దని ముందు మీరే నోరు తెరిచి చెప్పండి. పెళ్లయి ఇరవై ఏళ్లు, ముప్పై ఏళ్లు అయినవారు ఈ రాత్రి జపమాల అయ్యాక, నువ్వంటే నాకు ఇష్టమేనని మీ భాగస్వామికి మరొకసారి చెప్పండి.

ప్రేమగల తండ్రీ, మమ్ము బలవంతం చేయకుండా పిలిచినందుకు నీకు స్తోత్రం. మా ఇళ్లలో పెళ్లిళ్లు బేరాలు కాకుండా కాపాడు. మా బిడ్డల మాట వినే మనసు మాకు దయచేయి. ఆమెన్.