బురద కొండల మీద నలభై కిలోమీటర్లు



ఈ వానల్లో మన రేగడి దారుల సంగతి నేను చెప్పనక్కర్లేదు. పోయిన ఆదివారం ఆరాధనకు సగంమంది చెప్పులు చేతపట్టుకుని వచ్చారు. మందిరం మెట్ల దగ్గర మీరు కాళ్ళు కడుక్కుంటుంటే నాకు మేరీ జోన్స్ గుర్తుకొచ్చింది. ఆమె పేరు సండేస్కూల్లో చాలామంది వినే ఉంటారు. ఈ రోజు ఆమె నడిచిన నేల గురించి, ఆ నడకలో నేను ఇన్నాళ్ళూ గమనించని ఒక సంగతి గురించి చెబుతాను.

వేల్స్ అనే దేశం ఇంగ్లండుకు పడమట ఉంది. అక్కడ కాడర్ ఇడ్రిస్ అనే కొండ ఎత్తు 893 మీటర్లు. దాని కిందనున్న పల్లెలో, ఒక పేద నేతగాని ఇంట 1784లో మేరీ పుట్టింది. తండ్రి ఆమె చిన్నప్పుడే చనిపోయాడు.

అక్కడ వానలు ఎక్కువ. రాతికొండల మధ్య పల్లాల్లో నీళ్ళు ఇంకవు. నాచు, గడ్డి ఆ నీళ్ళలోనే మాగి, వేల ఏళ్ళుగా పేరుకుని నల్లటి మెత్తని నేలగా మారతాయి. దాన్ని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి పొయ్యిలోకి వాడుకునేవారు. పైకి పచ్చికలాగే కనిపిస్తుంది, కాలు పెడితే దిగబడుతుంది. మన ఊబి చెరువు గట్టునో వాగులోనో ఉంటుంది, వాళ్ళది కొండ మీద ఉంటుంది. దానికి తోడు పొగమంచు దిగితే ముందున్న రాయి కూడా కనపడదు.

అలాంటి కొండల దేశంలో 1800లో, పదిహేనేళ్ళ మేరీ బాలా అనే ఊరికి నడిచింది. దూరం సుమారు 40 కిలోమీటర్లు. చెప్పులు లేకుండా నడిచిందని చెబుతారు. ఆరేళ్ళు దాచుకున్న డబ్బుతో బైబిలు కొనుక్కోవడానికి, బాలాలో ఉండే థామస్ చార్లెస్ అనే సేవకుని దగ్గరకు వెళ్ళింది.

ఆ గుమ్మం దగ్గర ఏం జరిగిందో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు. నేను కూడా ప్రసంగాల్లో కన్నీళ్ళు కలిపి చెప్పాను, ఒప్పుకుంటున్నాను. కానీ గట్టి సాక్ష్యం ఒకటుంది. 1799లో అచ్చయిన ఆ బైబిలు ఇప్పటికీ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంది. దానిలో మేరీ తన చేత్తో తన పేరు, తల్లిదండ్రుల పేర్లు రాసుకుంది. పదహారో ఏట దీన్ని కొన్నానని, దీని సొంతదారు తానేనని రాసుకుంది. తనది కాని ఇంగ్లీషు భాషలో, అక్షరదోషాలతోనే రాసింది.

నేను గమనించని సంగతి ఇక్కడే ఉంది. ఆ పేద పిల్లకు చదవడం ఎవరు నేర్పారు? బైబిలు అమ్మిన ఆ చార్లెస్ గారే పల్లెలకు ఉపాధ్యాయులను పంపేవారు. ఒక ఊళ్ళో కొన్ని నెలలు ఉండి, మాతృభాషలో చదవడం నేర్పి, తర్వాత ఇంకో ఊరికి వెళ్ళేవారు. అలాంటి బడిలోనే మేరీ చదువుకుంది. మొదట అక్షరం, తర్వాత ఆకలి, ఆ తర్వాతే నడక.

చదివేవారు పెరిగేసరికి బైబిళ్ళు చాలలేదు. 1802లో చార్లెస్ గారు లండన్ వెళ్ళి, మా వేల్స్‌కు బైబిళ్ళు కావాలని అడిగారు. వేల్స్‌కు అయితే లోకమంతటికీ ఎందుకు కాకూడదని జోసెఫ్ హ్యూస్ అనే బాప్టిస్టు సేవకుడు అన్నారు. 1804 మార్చి 7న బైబిల్ సొసైటీ పుట్టింది. ఆ మరుసటి ఏడే క్రాన్, డి గ్రాంజెస్ అనే ఇద్దరు మిషనరీలు విశాఖపట్నం చేరి తెలుగు నేర్చుకుని తర్జుమాకు పూనుకున్నారు. 1810 ముగిసేలోపే ఇద్దరూ ఇక్కడే కన్నుమూశారు. 1812లో మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగులో అచ్చయ్యాయి.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. మన సంఘంలో ఒక పెద్దమ్మ ఉన్నారు. బైబిలును గుడ్డలో చుట్టి, బురదలో ఏ ఆదివారమూ మానకుండా వస్తారు. బాప్తిస్మం రోజున ఆ బైబిలు ఇచ్చింది నేనే. పోయిన నెల ఆమె అడిగారు: "అయ్యగారూ, నా పేరు దీన్లో ఉందంట గదా, ఎక్కడుందో కాస్త చూపిస్తారా?"

చూపించాను. ఆమె ఆ అక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు. నాకు సిగ్గేసింది. పుస్తకం ఇచ్చి తొమ్మిదేళ్ళయింది. చదవడం వచ్చా అని ఒక్కసారీ అడగలేదు. ఆమె నడవాల్సిన నడక ఎప్పుడో నడిచారు. నేనే నా పని చేయలేదు.

అందుకే వచ్చే బుధవారం సాయంత్రం ఏడు గంటలకు మందిరంలో అక్షరాలు మొదలుపెడుతున్నాం. పలకలు నేను తెస్తాను. పది చదివిన పిల్లలు నేర్పడానికి రండి. మీ ఇంట్లో అమ్మ గానీ, అత్త గానీ, నాయనమ్మ గానీ సిగ్గుపడుతుంటే చెయ్యి పట్టుకుని తీసుకురండి. దారి బురదగానే ఉంటుంది, కాళ్ళు కడుక్కోవడానికి మెట్ల దగ్గర నీళ్ళు పెట్టిస్తాను.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమెన్.