Baby Care: పసిపాపకు నలుగు పెట్టి రుద్దుతున్నారా? చర్మం జాగ్రత్త!

పాపాయి పుట్టిందంటే నీళ్లు పోసే పని అమ్మమ్మదో, నానమ్మదో. కాళ్లు చాపి, పాపను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, ఒళ్లంతా నూనె రాసి, సున్నిపిండితో నలుగు పెట్టి, వేడి వేడి నీళ్లు పోస్తారు. ఆ తర్వాత సాంబ్రాణి పొగ. బిడ్డ హాయిగా నిద్రపోతుంది కాబట్టి ఇదంతా మంచికే అనుకుంటారు. మంచి ఉన్న మాట నిజమే, కానీ అన్నిట్లో కాదు.

పెద్దవాళ్లతో పోలిస్తే పసిపిల్లల చర్మం పైపొర దాదాపు 30 శాతం పలుచగా ఉంటుంది. తేమ త్వరగా ఆరిపోతుంది, పైన రాసింది త్వరగా లోపలికి పోతుంది. పుట్టగానే ఒంటి మీద మీగడలా కనిపించే తెల్లటి పూత మురికి కాదు. కడుపులో ఉన్నన్నాళ్లూ బిడ్డ చర్మాన్ని కాపాడింది అదే. దాన్ని రుద్ది తీసేయొద్దు. మొదటి స్నానం 24 గంటలు దాటాకే చేయించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇక సున్నిపిండి సంగతి. రుద్దితే ఒంటి మీద నూగు పోతుందని, రంగు తేలుతుందని చాలా ఇళ్లలో నమ్మకం. ఆ నూగు కొన్ని వారాల్లో దానంతటదే రాలిపోతుంది. రంగు తల్లిదండ్రుల నుంచి వచ్చేది, ఏ పిండితోనూ మారదు. గరుకు పిండితో రోజూ రుద్దితే చర్మం ఎర్రగా కములుతుంది, కంటికి కనిపించని గీతలు పడతాయి. క్రిములకు అదే దారి. పైగా మెడ మడతల్లో, చంకల్లో, గజ్జల్లో పిండి ఇరుక్కుని తడికి ఒరుస్తుంది. పెద్దవాళ్ల మాట కాదనలేకపోతే బారసాల రోజు పేరుకి చిటికెడు పెట్టి ఊరుకోవచ్చు!

నూనె మర్దన మాత్రం మానక్కర్లేదు. కొబ్బరినూనె అరచేతిలో వేసుకుని మెల్లగా రాస్తే చాలు. ఆవనూనె ఘాటు, పసి చర్మానికి వద్దు. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం అసలే వద్దు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా రావొచ్చు. సాంబ్రాణి పొగ కూడా ఊపిరికి ఇబ్బందే. కొన్ని కాటుకల్లో సీసం ఉన్నట్లు పరీక్షల్లో తేలింది కాబట్టి కంటికి కాటుక మానేయడం మేలు.

నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, మోచేత్తో చూసుకోవాలి. స్నానం ఐదు, పది నిమిషాల్లో ముగించాలి. వాసన లేని బేబీ సబ్బు వారానికి రెండు మూడు సార్లు చాలు. తర్వాత మెత్తటి నూలు గుడ్డతో అద్దాలి, మడతల్లో తడి ఉండనీయొద్దు. బొడ్డు ఊడేదాకా దాని మీద పసుపు, నూనె, పౌడర్ ఏవీ వేయకుండా పొడిగా ఉంచాలి.

డైపర్ తడిసిన వెంటనే మార్చాలి. రోజులో కాసేపు గాలి తగలనిస్తే ఇంకా మంచిది. ఎర్రబడితే జింక్ ఆక్సైడ్ క్రీమ్ పనిచేస్తుంది. ఎండాకాలం చెమటకాయలకు పౌడర్ చల్లడం అలవాటే గానీ, ఆ దుమ్ము బిడ్డ పీల్చేస్తుంది. పల్చటి నూలు చొక్కా, ఫ్యాన్ గాలి చాలు.

మొదటి రోజుల్లో వచ్చే చిన్న ఎర్ర దద్దుర్లు, ముక్కు మీద తెల్ల చుక్కలు వాటంతటవే పోతాయి. వీపు కింద, పిరుదుల మీద నీలం మచ్చ దెబ్బ కాదు. మన పిల్లల్లో అది మామూలే.

అయితే చీము పొక్కులు, బొడ్డు చుట్టూ ఎరుపు, కాళ్లు, అరచేతుల దాకా పాకిన పసుపు రంగు కనిపిస్తే ఆలస్యం వద్దు. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరితే ఆ పూటే పిల్లల డాక్టర్‌కు చూపించాలి.