కాలనీ కంటే ముందు కాలువ

కొత్త కాలనీ అంటే మనం రోడ్లు చూస్తాం, పార్కు చూస్తాం. వాన నీళ్లు ఎటు పోతాయని అడిగేవాళ్లు తక్కువ. హైదరాబాద్‌కి ఆ ప్రశ్న 1908లోనే ఎదురైంది.

ఆ ఏడాది సెప్టెంబర్ 28న మూసీ పొంగింది, వేలమంది పోయారు. మరుసటి ఏడు నిజాం పిలుపు మీద వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఊరొక్కటే చూడలేదు, ఎగువకీ చూశారు. అక్కడ వందల చెరువులున్నాయి, వాటిలో 200కు పైగా ఆ వానకి తెగిపోయాయి. అంటే నగరాన్ని ముంచిన వరద నగరంలో పుట్టింది కాదు. అందుకే ఎగువన 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. ముందు నీళ్లకి చోటు, తర్వాతే మనకి.

1996లో వచ్చిన 111 జీవో సారం కూడా అదే. ఆ రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల లోపు, 84 గ్రామాల్లో, కాలుష్యం తెచ్చే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దన్నారు. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో ఇచ్చారు.

అక్కడి రైతుల బాధ నిజమే. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే తమ భూమి అలాగే ఉండిపోయింది. నగరం కోసం వాళ్లొక్కళ్లే ఎందుకు నష్టపోవాలి? నన్నడిగితే, ఆ పరిహారం నగరమే కట్టాలి. అంతేగానీ చెరువు మీద ప్లాట్లు వేయడం దానికి జవాబు కాదు. 2020 అక్టోబర్‌లో గుర్రం చెరువు కట్ట తెగినప్పుడు నీళ్లు ఇళ్లలోకే వచ్చాయి కదా!

ప్లాటు కొనేముందు బ్రోచర్ పక్కన పెట్టి, పాత గ్రామ నక్షా ఒక్కసారి చూడండి. ఉంటాను.